రోబో చేసే ఆపరేషన్‌లో హస్తవాసి ఎవరిది?

ఈ నెల సైన్స్ పాఠం: తల్లిదండ్రులు, పిల్లలు కలిసి చదువుకోవడానికి



పెద్ద ఆసుపత్రుల హోర్డింగుల మీద "రోబోటిక్ సర్జరీ" అనే మాట ఇప్పుడు మామూలైపోయింది. స్కూల్ బస్సు కిటికీలోంచి దాన్ని చదివిన పిల్లలు క్లాసుకు వచ్చి అడుగుతారు: "టీచర్, అయితే ఇక డాక్టర్లు అక్కర్లేదా?" పేరెంట్స్ మీటింగులో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది: "అన్నీ మిషన్లే చేసేస్తుంటే మా అమ్మాయిని ఎంబీబీఎస్ చదివించడం దండగంటారా?"

జవాబు చెప్పే ముందు మన ఇళ్ళల్లో ఉన్న ఒక మాట గుర్తు చేస్తాను. జబ్బు త్వరగా తగ్గితే, కుట్లు చక్కగా మానితే "ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది" అంటాం. చదువు, అనుభవం, ఓపిక అన్నీ కలిసి చివరికి ఆయన చేతిలోకి వచ్చి చేరతాయని మన పెద్దల నమ్మకం. మరి రోబో ఆపరేషన్‌లో ఆ హస్తవాసి ఎవరిది? యంత్రానిదా, మనిషిదా? ఈ నెల పాఠం ఈ ఒక్క ప్రశ్న మీదే. చివర్లో ఇంట్లో చేసి చూడదగ్గ మూడు చిన్న ప్రయోగాలు కూడా ఇచ్చాను. మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

సముద్రానికి అవతల డాక్టరు

2001 సెప్టెంబరు 7. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరం. 68 ఏళ్ళ ఒక మహిళకు పిత్తాశయం, అంటే మనం గాల్ బ్లాడర్ అంటామే అది, తీసేయాలి. ఆమెకు మత్తు ఇచ్చారు. బల్ల పక్కన డాక్టర్లు, నర్సులు ఉన్నారు. కానీ ఆపరేషన్ చేయాల్సిన సర్జన్ జాక్ మారెస్కో ఆ గదిలో లేరు, ఆ దేశంలోనే లేరు. ఆయన అట్లాంటిక్ మహాసముద్రానికి అవతల న్యూయార్క్‌లో ఒక స్క్రీను ముందు కూర్చుని ఉన్నారు.

ఆయన న్యూయార్క్‌లో చెయ్యి కదిపితే, స్ట్రాస్‌బర్గ్‌లో జియస్ అనే రోబో చేతులు అదే విధంగా కదిలాయి. రోగి కడుపులో ఉన్న కెమెరా చూపించే దృశ్యం ఆయన స్క్రీను మీదికి వచ్చింది. సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుల్ ద్వారా ఆయన కదలికలు అటు, దృశ్యాలు ఇటు ప్రయాణించాయి. సుమారు 45 నిమిషాల్లో పని పూర్తయింది. 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఎక్కడా ఆగకుండా ఒంటరిగా విమానం నడిపిన చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు మీద దీనికి "ఆపరేషన్ లిండ్‌బర్గ్" అని పేరు పెట్టారు.

ఇక్కడ పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: ఆ రోజు రోబో ఏ నిర్ణయం తీసుకుంది? ఎక్కడ కోయాలి, ఎంత లాగాలి, ఎక్కడ ఆగాలి అన్నవాటిలో ఏ ఒక్కటైనా అది నిర్ణయించిందా? లేదు. అన్నీ మారెస్కో గారి నిర్ణయాలే. రోబో వాటిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసింది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తెచ్చిస్తాడు, ఉత్తరం రాసింది మాత్రం వేరే మనిషి కదా. ఇదీ అలాంటిదే.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

దూరం నుంచి చేతిపని చేయాలన్న అవసరం మొదట ఆసుపత్రిలో పుట్టలేదు, అణు ప్రయోగశాలలో పుట్టింది. 1940ల చివర్లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసేవారు. వాటిని చేత్తో ముట్టుకోవడం ప్రాణాంతకం. రేమండ్ గోర్ట్జ్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు దీనికి ఒక ఉపాయం చేశారు. మందమైన రక్షణ గోడకు ఇవతల మనిషి పట్టుకునే పిడి, అవతల లోహపు చెయ్యి. ఇవతల మనిషి పిడిని తిప్పితే అవతల ఆ చెయ్యి కూడా అంతే తిరుగుతుంది. మొదట్లో రెండింటినీ కలిపింది యాంత్రికమైన అమరికే. 1950లలో గోర్ట్జ్ ఆ పనిని విద్యుత్ మోటార్లకు అప్పగించారు. మధ్యలో తీగ వచ్చాక, ఆ తీగ పొడవు ఎంతైనా ఉండవచ్చు అన్న ఆలోచనకు దారి ఏర్పడింది.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు, యుద్ధభూమిలో గాయపడిన సైనికుడికి సర్జన్ దూరంగా, సురక్షితమైన చోట కూర్చుని ఆపరేషన్ చేయగలరా అని అమెరికా సైనిక పరిశోధనా విభాగం ఆలోచించింది. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ సంస్థ అలాంటి యంత్రం మీద పరిశోధన చేసింది. ఆ పరిశోధనను ఆధారం చేసుకుని 1995లో ఇంట్యూటివ్ సర్జికల్ అనే కంపెనీ మొదలైంది. వాళ్ళు తయారుచేసిన "డా విన్సీ" రోబోకు 2000 సంవత్సరంలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇప్పుడు మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎక్కువగా వినిపించే పేరు ఇదే.

డా విన్సీ ఎలా పనిచేస్తుంది?

దూరం కోసం పుట్టిన ఆలోచన అయినా, డా విన్సీ వాడే సర్జన్ మామూలుగా రోగి ఉన్న గదిలోనే, కొన్ని అడుగుల దూరంలో ఉంటారు. ఆయన కన్సోల్ అనే బల్ల ముందు కూర్చుని, తల వంచి లోపలి దృశ్యాన్ని త్రీడీలో, పెద్దదిగా చూస్తారు. వేళ్ళతో రెండు పిడులు పట్టుకుంటారు. రోగి దగ్గర రోబో చేతులు సన్నని రంధ్రాల గుండా లోపలికి వెళ్ళి పనిచేస్తాయి. మత్తు డాక్టరు, ఇంకో సహాయ సర్జన్, నర్సులు రోగి పక్కనే ఉంటారు.

అదే గదిలో ఉన్నప్పుడు నేరుగా చేత్తోనే చేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. దానికి నాలుగు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, మణికట్టు. మామూలు లాప్రోస్కోపీలో వాడే పరికరాలు పొడవాటి కర్రల్లా ఉంటాయి, వాటి చివర మణికట్టులా వంగదు. రోబో పరికరం చివర మాత్రం చిన్న మణికట్టు ఉంటుంది. ఇరుకైన చోట సూది తిప్పడానికి అది చాలా ఉపయోగం.

రెండోది, కదలికను తగ్గించడం. సర్జన్ చెయ్యి 3 సెంటీమీటర్లు కదిలితే లోపల పరికరం 1 సెంటీమీటరు మాత్రమే కదిలేలా అమర్చుకోవచ్చు. మీ పిల్లలు గణితంలో నేర్చుకునే 3:1 నిష్పత్తి ఇదే.

మూడోది, వణుకు. ఎంత స్థిరమైన చేతికైనా సన్నని వణుకు ఉంటుంది. కంప్యూటరు దాన్ని గుర్తించి వడకట్టేస్తుంది.

నాలుగోది, భద్రత. సర్జన్ తల పక్కకు తీస్తే సెన్సర్ పసిగట్టి రోబో చేతుల్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. మనిషి చూడనప్పుడు యంత్రం కదలకూడదు అనేది ఇక్కడి నియమం.

ఈ నాలుగింటిలోనూ యంత్రం చేస్తున్నది ఒకటే, సర్జన్ చేతికి సాయం చేయడం. ఆ చేతికి రాని పనిని రోబో నేర్పదు.

దూరం లెక్క: 8, 9 తరగతుల వాళ్ళు కాగితం తీసుకోండి

దూరం నుంచి ఆపరేషన్ చేసేటప్పుడు అసలు చిక్కు ఆలస్యం. మీరు విదేశాల్లో ఉన్న అన్నయ్యతోనో, పిన్నితోనో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగిపోయి, "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకోవడం అనుభవమే కదా. మాటల్లో అయితే నవ్వుకుంటాం. కత్తి విషయంలో అలా కుదరదు.

లెక్క చేద్దాం. న్యూయార్క్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్ళి తిరిగి రావడానికి సంకేతం ప్రయాణించిన దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గాజు ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు దాదాపు 2,00,000 కిలోమీటర్లు. కాలం = దూరం ÷ వేగం. 14,000 ÷ 2,00,000 = 0.07 సెకన్లు, అంటే 70 మిల్లీసెకన్లు. కానీ ఆ రోజు నమోదైన సగటు ఆలస్యం 155 మిల్లీసెకన్లు. మిగతా 85 ఎక్కడికి పోయాయి? కెమెరా దృశ్యాన్ని అంకెలుగా మార్చడానికి, కుదించి పంపడానికి, అవతల మళ్ళీ దృశ్యంగా విప్పడానికి, మధ్యలో ఉన్న పరికరాలు దాటడానికి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 2025 జనవరిలో, గురుగ్రామ్‌లో కూర్చున్న హృద్రోగ సర్జన్ సుధీర్ శ్రీవాస్తవ 286 కిలోమీటర్ల దూరంలో జైపూర్‌లో ఉన్న రోగికి మన దేశంలోనే తయారైన "మంత్ర" రోబో సాయంతో ఆపరేషన్ చేశారు. అక్కడి ఆలస్యం దాదాపు 40 మిల్లీసెకన్లు అని ప్రకటించారు. మీ పిల్లల్ని లెక్కవేయమనండి: రానూపోనూ 572 కిలోమీటర్లకు కాంతికి ఎంత సమయం పడుతుంది? 3 మిల్లీసెకన్ల లోపే. కేబుల్ దారి కొంత చుట్టు తిరిగినా ఇంకొంచెం పెరుగుతుందంతే. అంటే ఆలస్యంలో ఎక్కువ భాగం దూరానిది కాదు, పరికరాలది. దాన్ని ఇంజనీర్లు తగ్గించగలరు. కాంతి వేగాన్ని మాత్రం ఎవరూ పెంచలేరు.

ఆలస్యం పెరిగితే మనిషి ఏం చేస్తాడు? 1960లలోనే అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు దీన్ని గమనించారు. స్క్రీను చూస్తూ దూరపు పరికరాన్ని నడిపేవాడు, ఆలస్యం ఎక్కువైనప్పుడు కొంచెం కదిపి ఆగుతాడు, ఏం జరిగిందో చూస్తాడు, మళ్ళీ కొంచెం కదుపుతాడు. చంద్రుడి దగ్గరికి సంకేతం వెళ్ళి రావడానికే రెండున్నర సెకన్లు పడుతుంది. చంద్రుడి మీద రాయిని తీయాలంటే ఇలా ఆగి ఆగి తీయవచ్చు. రక్తం కారుతున్న చోట రెండున్నర సెకన్లు ఆగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే దూర శస్త్రచికిత్స జరిగే ప్రతిచోటా రోగి పక్కన ఇంకో వైద్య బృందం సిద్ధంగా ఉంటుంది. లైను తెగితే ఆ క్షణంలో పని అందుకోవాల్సింది వాళ్ళే.

గుజరాత్‌లో 2018 డిసెంబరులో జరిగింది ఇదే. హృద్రోగ నిపుణుడు తేజస్ పటేల్ గాంధీనగర్ అక్షరధామ్ ఆలయ ప్రాంగణం నుంచి, సుమారు 32 కిలోమీటర్ల దూరంలో అహ్మదాబాద్ ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె రక్తనాళంలో రోబో ద్వారా స్టెంట్ వేశారు. అలా ఐదుగురికి చేశారు. అక్కడ ఆసుపత్రిలో ఆయన బృందం రోగుల పక్కనే ఉంది. గుండెపోటు వచ్చినప్పుడు మొదటి గంటల విలువ మీకు తెలుసు. నిపుణుడు జిల్లా కేంద్రానికి రాలేనప్పుడు ఆయన చెయ్యి రాగలిగితే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఆలోచించండి. ఈ పరిశోధనల వెనక ఉన్న ఆశ అదే.

ఈ రంగంలో మన తెలుగువారి పేరూ ఒకటుంది. అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో మణి మీనన్ అనే సర్జన్ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రోబో ఆపరేషన్ పద్ధతిని తీర్చిదిద్దారు. ఆయన పనిచేసిన ఆ యూరాలజీ సంస్థకు విరాళమిచ్చిన రాజ్ వట్టికూటి గారి ఇంటిపేరే పెట్టారు.

రోబోకు ఇంకా చిక్కనిది: స్పర్శ

సంక్రాంతికి అరిసెలు చేసే ఇంట్లో ఒకసారి గమనించండి. పాకం కుదిరిందో లేదో అమ్మమ్మ గడియారం చూసి చెప్పదు, థర్మామీటరు పెట్టదు. కాస్త పాకం నీళ్ళలో వేసి వేళ్ళతో ఉండ చేసి చూస్తుంది. ఒక్క క్షణంలో "ఇంకొంచెం ఆగాలి" అంటుంది. ఆ జ్ఞానం ఆమె వేళ్ళ చివర ఉంది.

సైన్సు దీనికి లెక్క చెబుతుంది. మన ఒక్కొక్క చేతిలో 27 ఎముకలు ఉంటాయి. అరచేతి వైపు చర్మంలో స్పర్శను పసిగట్టే నాడీ తంతువులు ఒక్క చేతికే దాదాపు 17,000 ఉంటాయని పరిశోధకులు అంచనా వేశారు. వేళ్ళను బలంగా వంచే కండరాలు వేళ్ళలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. మీ పిల్లల్ని పిడికిలి బిగించి ముంజేతిని ఇంకో చేత్తో పట్టుకుని చూడమనండి, కండరం కదలడం తెలుస్తుంది. బొమ్మలాటలో దారాలు లాగినట్లు అవి స్నాయువుల ద్వారా వేళ్ళను లాగుతాయి.

ఇలాంటి చేతిని తయారుచేయడానికి ఇంజనీర్లు చాలా కాలంగా శ్రమిస్తున్నారు. లండన్‌లోని షాడో రోబో కంపెనీ తయారుచేసిన చేతిలో 24 కీళ్ళున్నాయి. 2019లో ఓపెన్‌ఏఐ సంస్థ ఆ చేతికే రూబిక్ క్యూబ్ తిప్పడం నేర్పింది. ఎన్నో ఏళ్ళ సాధనకు సమానమైన శిక్షణను కంప్యూటరు లోపలే ఇచ్చారు. అయినా బాగా కలిపేసిన క్యూబ్ ఇచ్చినప్పుడు ఐదింట ఒక్కసారే పూర్తిచేయగలిగింది. ఏ వరుసలో తిప్పాలన్న లెక్క కంప్యూటరుకు పెద్ద పని కాదు, దాన్ని జారిపోకుండా ఒక చేత్తో తిప్పడమే కష్టమైంది. చదరంగంలో ప్రపంచ విజేతను ఓడించడం కంప్యూటరుకు 1997లోనే చేతనైంది. ఏడాది పిల్ల చేసినంత సులువుగా వస్తువుల్ని పట్టుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1980లలోనే ఈ విచిత్రాన్ని ఎత్తి చూపారు. మనకు కష్టమనిపించేవి యంత్రానికి తేలిక, మనకు తేలికనిపించేవి దానికి కష్టం.

ఆపరేషన్ రోబోల్లోనూ ఇదే లోటు. డా విన్సీ వచ్చిన చాలా ఏళ్ళ వరకు సర్జన్ వేళ్ళకు లోపలి కణజాలం మెత్తదనం, గట్టిదనం తెలిసేది కాదు. దారం ఎంత బిగిసిందో కంటితో చూసి ఊహించుకునేవారు. 2024లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన డా విన్సీ 5లో, పరికరం మీద పడే బలాన్ని కొలిచి సర్జన్ వేళ్ళకు తెలియజేసే ఏర్పాటు వచ్చింది. ఇది పెద్ద అడుగే. కానీ వేలి చివర చర్మం చెప్పే కబుర్లన్నీ అందులో ఇంకా లేవు.

యంత్రం తనంతట తాను చేస్తుందా?

నిజాయితీగా చెప్పాలి. ఆ దిశలోనూ పని జరుగుతోంది. 2022లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం బృందం తమ "స్టార్" రోబోతో పందుల పేగు రెండు కొసల్ని కుట్టించింది. కుట్లు ఎక్కడ పడాలో ప్రణాళిక వేసి, చాలావరకు అదే కుట్టింది, మనుషులు పర్యవేక్షించారు. మీ పిల్లలు ఉద్యోగానికి వచ్చే నాటికి కొన్ని పనులు ఇలా యంత్రం చేతికి వెళ్తాయి. ఎప్పుడు చేయనివ్వాలి, ఎప్పుడు ఆపి తాను అందుకోవాలి అని తెలిసిన మనిషి అప్పుడూ కావాలి. ఆ పని చేతకాని మనిషి దాన్ని పర్యవేక్షించలేడు.

ఇంకో మాట, తల్లిదండ్రులుగా మీకు అక్కరకు వచ్చేది. "రోబో అంటే కచ్చితంగా మేలు" అనుకోకండి. పెద్దపేగు చివరి భాగం క్యాన్సర్‌కు రోబో పద్ధతిని, మామూలు లాప్రోస్కోపీని పోల్చుతూ 10 దేశాల్లో 471 మంది రోగులతో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. మధ్యలో పొట్ట కోసి తెరవాల్సి రావడం రోబో పద్ధతిలో 8.1 శాతం, మామూలు పద్ధతిలో 12.2 శాతం. ఈ తేడా రోబో వల్లేనని నమ్మకంగా చెప్పలేమని పరిశోధకులే తేల్చారు. కొన్ని ఆపరేషన్లలో రోబో వల్ల సౌకర్యం ఉండవచ్చు, కొన్నిటిలో ఖర్చు పెరగడమే మిగలవచ్చు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా రోబో ఆపరేషన్ అని చెప్పినప్పుడు, మర్యాదగానే ఈ నాలుగు అడగండి. ఈ జబ్బుకు రోబో వల్ల మాకు ప్రత్యేకంగా కలిగే లాభం ఏమిటి? ఆపరేషన్ చేసే డాక్టరుగారు ఇలాంటివి ఎన్ని చేశారు? మధ్యలో ఇబ్బంది వస్తే మామూలు పద్ధతిలో కొనసాగించేది ఎవరు? రెండు పద్ధతులకూ ఖర్చు ఎంత? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. నాలుగింటిలో రెండు ప్రశ్నలు మనిషి గురించే ఉన్నాయని గమనించండి. హస్తవాసి ఎక్కడ ఉందో అక్కడే వెతకాలి కదా.

ఇది మన పిల్లలకు ఎందుకు పాఠం?

లండన్ ఇంపీరియల్ కాలేజీలో సర్జన్లకు శిక్షణ ఇచ్చే ప్రొఫెసర్ రోజర్ నీబోన్ 2018లో ఒక ఆందోళన బయటపెట్టారు. మంచి మార్కులతో వస్తున్న విద్యార్థులకు కోయడం, కుట్టడం వంటి చేతిపనుల్లో నేర్పు తగ్గుతోందని, స్క్రీన్ల మీద వేలు జరపడంతోనే బాల్యం గడిచిపోవడం, బడుల్లో చేతిపని తగ్గిపోవడం దీనికి కారణాలని ఆయన అభిప్రాయం. ఇది ఒక అనుభవజ్ఞుడి పరిశీలన.

"మరి గేములు ఆడితే చేతులు చురుగ్గా అవుతాయట టీచర్" అని ఎవరో ఒక అబ్బాయి తప్పకుండా అంటాడు. వాడి మాటలోనూ నిజం ఉంది. 2007లో అమెరికాలో 33 మంది సర్జన్లను పరిశీలిస్తే, ఒకప్పుడు వారానికి 3 గంటలకు పైగా వీడియో గేములు ఆడినవాళ్ళు లాప్రోస్కోపీ అభ్యాసంలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. స్క్రీను చూస్తూ చెయ్యి కదపడం వాళ్ళకు అలవాటై ఉండవచ్చు. కానీ చూసింది 33 మందినే. పైగా వాళ్ళంతా ముందు డాక్టర్లు అయినవాళ్ళు! వారానికి 3 గంటలు అన్నదాన్ని రోజుకు 3 గంటలుగా మార్చేసే తెలివి మన పిల్లలకు ఉంది కాబట్టి ఈ లెక్క వాళ్ళకు పూర్తిగా చెప్పండి.

ఇక మీతో ఒక మనవి. "క్రాఫ్ట్, డ్రాయింగ్ పీరియడ్ల బదులు ఇంకో మ్యాథ్స్ క్లాసు పెట్టించండి", "ల్యాబ్‌కు వెళ్తే టైము వేస్టు, వీడియో చూపిస్తే చాలు" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఫీజు కడుతున్నది మీరు, పిల్లల భవిష్యత్తు మీద బెంగ ఉండటం సహజం. కానీ ల్యాబ్‌లో బ్యూరెట్ కుళాయిని ఒక్కొక్క చుక్క పడేలా తిప్పడం, సన్నగా కోసిన ఉల్లిపొరను చిరగకుండా స్లైడు మీద పరచడం, గీత దాటకుండా రంగు వేయడం, ఇవి మార్కుల చదువుకు అడ్డం కావు. రేపు మీ అమ్మాయి సర్జన్ అయినా, రోబో తయారుచేసే ఇంజనీరు అయినా, దంతవైద్యురాలు అయినా ఆ వేళ్ళతోనే పని. ఆ వేళ్ళకు ఆరేళ్ళ నుంచి పదహారేళ్ళ వరకు దొరికే సాధనను తర్వాత ఏ కోచింగులోనూ కొనలేం.

ఇంట్లోనూ అవకాశాలకు కొదవ లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, మల్లెపూల మాల కట్టడం, చపాతీ గుండ్రంగా వత్తడం, చొక్కా గుండీ కుట్టడం, ముగ్గు చుక్కలు సమంగా పెట్టడం. "నువ్వు చదువుకో, ఇవన్నీ నేను చూసుకుంటా" అని మనం ప్రేమతోనే అంటాం. వారంలో రెండు మూడు సార్లు ఆ మాట మానేసి చూడండి. అబ్బాయిలకూ ఇదే వర్తిస్తుంది.

ఇంట్లో చేసి చూడండి

ప్రయోగం 1: గ్లౌజు పరీక్ష. ఒక సంచిలో 1, 2, 5, 10 రూపాయల నాణేలు వేయండి. పిల్లలు లోపల చెయ్యి పెట్టి, చూడకుండా, అడిగిన నాణెం తీయాలి. పదిసార్లలో ఎన్నిసార్లు సరిగ్గా తీశారో రాయండి. ఇప్పుడు గిన్నెలు తోమేటప్పుడు వేసుకునే మందపాటి రబ్బరు గ్లౌజు తొడిగి మళ్ళీ పదిసార్లు చేయించండి. స్పర్శ తగ్గితే నేర్పు ఎంత తగ్గుతుందో అంకెల్లో తెలుస్తుంది. రోబోకు స్పర్శ ఇవ్వడానికి ఇంజనీర్లు ఎందుకంత తంటాలు పడుతున్నారో కూడా అర్థమవుతుంది.

ప్రయోగం 2: వీడియో కాల్ ఆపరేషన్. రెండు ఫోన్ల మధ్య వీడియో కాల్ పెట్టండి, శబ్దం ఆపేయండి. ఒక పళ్ళెంలో 10 శనగలు, పక్కన ఒక గ్లాసు ఉంచండి. పిల్లలకు పళ్ళెం నేరుగా కనిపించకుండా మధ్యలో అట్ట అడ్డం పెట్టండి. మీరు ఒక ఫోను కెమెరాతో పళ్ళాన్ని చూపిస్తుంటే, వాళ్ళు రెండో ఫోను స్క్రీను మాత్రమే చూస్తూ శనగలు గ్లాసులో వేయాలి. మొదట కెమెరా వాళ్ళ వైపు నుంచి, తర్వాత ఎదురు వైపు నుంచి పట్టుకోండి. మామూలుగా చేసినప్పటి సమయంతో పోల్చండి. ఆగి ఆగి కదపడం వాళ్ళంతట వాళ్ళే మొదలుపెడతారేమో గమనించండి.

ప్రయోగం 3: స్కేలు పరీక్ష. 30 సెంటీమీటర్ల స్కేలును పైన మీరు నిలువుగా పట్టుకోండి. సున్నా గుర్తు దగ్గర పిల్లలు బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదలండి. ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్నారో చూడండి. 10 దగ్గర పట్టుకుంటే కంటి నుంచి మెదడుకు, మెదడు నుంచి చేతికి పట్టిన సమయం దాదాపు 143 మిల్లీసెకన్లు, 15 అయితే 175, 20 అయితే 202, 25 అయితే 226. ఇప్పుడు ఆలోచించమనండి: మారెస్కో గారికి ఈ సమయానికి తోడు ఇంకో 155 మిల్లీసెకన్లు కేబుల్, పరికరాల దగ్గర పోయాయి. 9వ తరగతి వాళ్ళు ఈ అంకెలు ఎలా వచ్చాయో స్వేచ్ఛాపతనం సూత్రంతో రాబట్టి చూపించాలి. 10వ తరగతి వాళ్ళు "నియంత్రణ, సమన్వయం" పాఠంతో దీన్ని కలిపి చదువుకోవచ్చు.

మూడు ప్రయోగాల అంకెల్నీ సైన్సు రికార్డు చివరి పేజీలో రాసి, మీ సంతకంతో పంపండి. ఇంట్లో తాతయ్య, నానమ్మ ఉంటే వాళ్ళతో కూడా నాణేల పరీక్ష చేయించి ఆ అంకెలు విడిగా రాయండి. తరగతిలో అందరి అంకెలూ కలిపి పట్టిక వేసి, సగటు కట్టి, గ్రాఫు గీస్తాం.